ముందు ఏటీ వాయించకు

మూడు లాంతర్ల దగ్గర దిగి
రెండు సందులు లోపలికి నడిస్తే
తవుడు మేస్త్రి షాపు.
బోర్డు మీద 'రేడియో' ఒక్కటే మిగిలింది,
దాని ముందున్న పేరును వానలు తినేశాయి.

నా వాద్యాన్ని బల్ల మీద పరిచాను.
పది తీగలు. మెట్లు లేవు, ఉత్త గీతలే.
కింద మూడు పెడళ్లు,
నెల్లిమర్ల జూట్ మిల్లు లేతు మీద
మా బావ దొంగచాటుగా కోసిపెట్టినవి,
లూనా బండి బ్రేకు వైర్లతో
తీగల్ని లాగి వదిలేవి.
ఈ ఊళ్లో ఫిడేలు తెలీని గుమ్మం లేదు.
దీన్ని చూస్తే మాత్రం
ఇస్త్రీ బల్లా అని అడుగుతారు.

కీబోర్డు కుర్రాడి పెట్టెలోనే
నా వైరు కూడా దూర్చి
పదకొండేళ్లు వాయించాను ఆర్కెస్ట్రాలో.
వాడు బేసు నొక్కినప్పుడల్లా నా స్వరం
సంత బస్సులో ముసలాడిలా
ఎక్కడో వెనక్కి పోయేది.
ఈ ఏడాది చీటీ పాడాను. ముప్పై రెండు వేలు.

మొదటిది నల్లటిది, విశాఖపట్నం నుంచి వచ్చింది.
పదహారు బొత్తాలు.
మీటితే గర్జించింది.
కడ్డీని తీగ మీద మెల్లగా జారిస్తే
ఆ జారుడంతా ఇసక పోసింది.
గర్జన నాకెందుకు మేస్త్రీ,
గాంధారం నుంచి మధ్యమానికి వెళ్లే దారిలో
గుంత ఉండకపోతే చాలు.

రెండోది ఒంటి చేత్తో ఎత్తొచ్చు.
శుభ్రంగా ఉంది, ఆస్పత్రి గచ్చులా.
పాదంతో శబ్దం పెంచుకుంటూ పోతే
కళ్యాణ మండపం వెనక వరస చేరకముందే
ఊపిరి అయిపోయి గొంతు చించుకుంది.
"బలం వాడీడానికి కాదు బావూ,
వాడకండా అట్టిపెట్టుకోడానికి"
అన్నాడు తవుడు,
వెలిగించని బీడీ పంటి కింద పెట్టుకుని.

మూడోదాని మీద గోనెసంచి.
గజపతినగరంలో టూరింగ్ టాకీసు మూసేసినప్పుడు
తూకానికి కొన్నాడట ఆ స్పీకరు,
పదిహేనంగుళాలది, చేటంత.
పెట్టె మామిడి చెక్క. లోపలి సరుకు తన చేతిది.
"ముందు ఏటీ వాయించకు."
స్విచ్చి వేశాడు.

కూర్చున్నాం.
మొదటిది ఊరికే ఉన్నప్పుడు తేనెతుట్టె.
రెండోది సన్నటి ఈల.
దీనికి చెవి ఆనించాను.
ఎదుట తోపుడుబండి మీద నూనె కాగుతోంది.
ఎవరో సైకిలు స్టాండు తన్నారు.
నా కణతలో నాడి.
"ఆగీ, పొద్దు పోనీ. కరెంటు నూట ఎనభైకి పడిపోతాది.
అప్పుడు సూద్దుం దీని బుద్ధి."

ఆరున్నరకు బల్బు పచ్చబడింది.
అప్పుడు మీటాను, ఒకటే తీగ.
అది తగ్గుతున్నకొద్దీ పాదంతో ఎగదోస్తూ
ఎంతసేపు నిలబెట్టానో,
నూనెలో వేసిన బజ్జీలు బయటికొచ్చాయి.
మధ్యలో కడ్డీ
వెంట్రుకవాసి కిందికి తప్పింది.
అదీ వినబడింది.
మళ్లీ మీటాను. మళ్లీ అక్కడే, అంతే కిందికి.
పదకొండేళ్లుగా
నేనిలాగే తప్పు వాయిస్తున్నానని
ఏ పెట్టే నాతో చెప్పలేదు.

తవుడు నా మొహం వైపు చూడలేదు.
గోనెసంచి నాలుగు మడతలు పెట్టాడు.
"నలభై రెండు కిలోలుంతాది. నడుం సూసుకో."

చీపురుపల్లి ఆఖరి బస్సులో
వెనక సీటు ముందు పెట్టి
మోకాళ్లు ఆనించి కూర్చున్నాను.
"ఏటుందిందల?" కండక్టరు.
"ఏటీ లేదు."
నమ్మలేదు. పిడికిలితో తట్టి చూసి
లగేజీ టిక్కెట్టు చింపాడు.
గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా
లోపలి కాగితం కోను వణికింది,
మోకాళ్లకు తెలిసింది.
నా ఎడమ చెయ్యి మాత్రం
ఖాళీ ఒడిలో అటూ ఇటూ జరుగుతూ
ఆ వెంట్రుకవాసిని వెతుక్కుంటోంది.